"బాగుంది మేడమ్" అనే టీమ్‌తో ఏం చేయాలి?

ప్రశ్న: టీమ్ లీడ్‌నై ఎనిమిది నెలలైంది. నా టీమ్‌లో తొమ్మిది మంది ఉన్నారు. సోమవారం మీటింగ్‌లో కొత్త ఐడియాలు చెప్పమంటే ఒక్కరూ నోరు విప్పరు. చివరికి నేనే ఏదో ఒకటి చెబితే "బాగుంది మేడమ్" అంటారు. మీ టీమ్‌లో కొత్తదనం ఏదీ అని పైవాళ్లు అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది. నాలో లీడర్ లక్షణాలు లేవేమో?
– ఒక పాఠకురాలు

జవాబు: లక్షణాల సంగతి అలా ఉంచండి. లీడ్ మనసులో ఏముందో తెలిసిపోయాక దానికి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే. మీరు నోరు తెరిచేదాకా ఆగితే సరిపోతుందని వాళ్లకు ఈపాటికి అలవాటై ఉంటుంది.

లీడ్‌గా నా మొదటి ఏడాది సంగతి చెబుతాను. కస్టమర్ల ఫిర్యాదులను రోజూ ఒక షీట్‌లోంచి ఇంకో షీట్‌లోకి చేత్తో ఎక్కించేవాళ్లం. కొత్తగా చేరిన కుర్రాడొకడు నోట్‌బుక్‌లో బాణం గుర్తులతో బొమ్మ గీసుకొచ్చి, "రెండు షీట్లెందుకు సార్, ఒక్కటి చాలు కదా" అన్నాడు. "అది ఎప్పుడో ట్రై చేశారులే" అనేశాను. కోపమేం లేదు, తర్వాతి పనికి వెళ్లాలన్న తొందర అంతే. మరుసటి వారం నుంచి అతను మీటింగ్‌కు నోట్‌బుక్ తేవడం మానేశాడు. ఆరు నెలలకు సరిగ్గా అతను చెప్పిన మార్పే చేశాం. అతని సీటు దగ్గరికెళ్లి తప్పు నాదేనన్నాను. పర్వాలేదన్నాడు గానీ, ఆ నోట్‌బుక్ మళ్లీ కనబడడానికి చాలా కాలం పట్టింది. ఇన్నేళ్లయినా నన్ను బాధపెట్టే విషయమిది.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా పనిచేసే టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. తీరా చూస్తే, ఆ టీముల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు పొరపాట్లను దాచుకోకుండా ఒకరికొకరు చెప్పుకుంటున్నారని ఆమెకు తర్వాత అర్థమైంది. ఐడియా కూడా అంతే. తిట్టు పడుతుందనో నవ్వుతారనో భయముంటే అది మనసులోనే ఉండిపోతుంది.

"ఐడియాలు చెప్పండి" అని అడగడం మానేయండి. అది పరీక్షలో ప్రశ్నలా వినబడుతుంది. "పోయిన వారం ఏ పని చేస్తుంటే విసుగొచ్చింది?" అని అడగండి. విసుగు గురించి అయితే ఎవరైనా చెప్పగలరు, మార్పు మొదలయ్యేది కూడా అక్కడే. ఈ ప్రశ్నను ముందురోజే మెసేజ్ పెట్టండి. మీటింగ్‌లో ఐదు నిమిషాలు అందరూ కాగితం మీద రాసుకున్నాక, అందరికంటే కొత్తగా చేరినవాళ్లతో చదివించడం మొదలుపెట్టండి. మీది చివర. వచ్చినవాటిలో చిన్నదొకటి ఎంచుకుని ఆ వారమే అమలు చేయండి, పైవాళ్లకు రాసే మెయిల్‌లో అది ఎవరి ఆలోచనో పేరు పెట్టి రాయండి. కుదరనివాటికి కారణం వాళ్ల సీటు దగ్గరికెళ్లి చెప్పండి. అందరి ముందు "కుదరదు" అన్న ఒక్క మాటకు మిగతా ఎనిమిది మందీ వెనక్కి తగ్గుతారు.

ఇంకో మాట. వచ్చే సోమవారం మొదట్లోనే, "ఇన్నాళ్లూ నేనే ముందు మాట్లాడుతూ వచ్చాను, ఈసారి చివర మాట్లాడతాను" అని వాళ్లతో చెప్పేయండి. అప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడకపోవచ్చు. ఆ కాసేపూ చాలా పొడవుగా అనిపిస్తుంది. మీరు మాత్రం కల్పించుకోకండి. మొదట నోరు విప్పిందెవరో, ఏమన్నారో నాకు రాయండి.