పర్యావరణం పేరుతో పెరిగిన సరుకుల బిల్లు: ముందు చెత్తబుట్ట సంగతి చూడండి

ప్రశ్న: ఇంట్లో నలుగురం, ఇద్దరం సంపాదిస్తున్నాం. పర్యావరణానికి హాని చేయని వస్తువులే వాడాలని ఆరు నెలల క్రితం నిర్ణయించుకున్నాను. ఆర్గానిక్ సరుకులు, గాజు సీసాలు, వెదురు బ్రష్షులు, గుడ్డ సంచులు అన్నీ కొన్నాను. నెల సరుకుల ఖర్చు దాదాపు 30 శాతం పెరిగింది, అత్యవసర నిధిలో వేసే డబ్బు ఆగిపోయింది. ఇప్పుడు కరెంటు తక్కువ తాగే కొత్త ఫ్రిజ్ వాయిదాల మీద తీసుకుందామంటే, ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అంటున్నారు మా వారు. మా ఇద్దరిలో ఎవరు కరెక్ట్?

జవాబు: ఇద్దరూ కాదు. ఇంట్లో పర్యావరణం గురించి ఆలోచించడం డబ్బున్నవాళ్ల సరదా ఏమీ కాదు, కానీ మీరు ఇప్పటిదాకా చేసినదాంట్లో సరదా పాలే ఎక్కువ, కోపం తెచ్చుకోకండి. మీరు రాసినవన్నీ ఒకసారి చదువుకోండి, అన్నీ "కొన్నాను" అనేవే. "కొనడం మానేశాను", "పారేయడం తగ్గించాను" అనేది ఒక్కటి కూడా లేదు. అసలు డబ్బు, అసలు కార్బన్ (అంటే వాతావరణాన్ని వేడెక్కించే వాయువులు) రెండూ అక్కడే ఉన్నాయి.

ముందు చెత్తబుట్ట. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. మనిషికి ఏడాదికి సగటున 79 కిలోలు, అదీ ఒక్క ఇంట్లోనే. తొక్కలు, ఎముకలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి కాబట్టి ఇదంతా తినే తిండే అనుకోవద్దు, అయినా మీ నలుగురికీ లెక్క కడితే నెలకి 26 కిలోల పైన. పండించి, ప్యాక్ చేసి, మోసుకొచ్చి, మీరు డబ్బు కట్టి, ఫ్రిజ్‌లో కరెంటు ఖర్చు పెట్టి చల్లబరిచి, ఆఖరికి పారేస్తున్న తిండి ఇది. ఇది ఆర్గానిక్ అయితే ఇంకా ఎక్కువ డబ్బు పారేసినట్టు, అంతే తేడా.

అందుకని రెండు వారాల పాటు ఇంకేమీ మార్చకండి. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి, పారేసిన ప్రతిదీ ఏమిటి, ఎంత, ఎందుకు అని రాయండి (తొక్కలు వద్దు, తినగలిగినవి మాత్రమే). పిల్లల చేత రాయిస్తే ఇంకా మంచిది, వాళ్లు మొహమాటపడరు. ఈ కాగితంలో సాధారణంగా మూడు రకాలు బయటపడతాయి: లోపలి అరలో మరిచిపోయినవి, ఎక్కువ వండి మిగిల్చినవి, తగ్గింపు ఉందని ఎక్కువ తెచ్చినవి. మూడోదాని మీద నాకు ప్రత్యేకమైన కోపం ఉంది, ఎందుకంటే జనం దాన్ని పొదుపు అనుకుంటారు. 20 శాతం తగ్గింపుకి పెద్ద ప్యాకెట్ తెచ్చి అందులో పావు వంతు పారేశారనుకోండి: 100 విలువ చేసే సరుకుకి 80 కట్టారు, తిన్నది 75 విలువే. తగ్గింపు రాకపోగా దాదాపు 7 శాతం ఎక్కువ కట్టారన్నమాట. చిన్న ప్యాకెట్ పూర్తి ధరకి తెచ్చుకుని మొత్తం తినేసినవాళ్లే లాభపడ్డారు. త్వరగా పాడవనివి పెద్ద మొత్తంలో కొనండి, త్వరగా పాడయ్యేవి వద్దు.

ప్యాకెట్ మీద తేదీల గురించి కూడా ఒక మాట. "ఫలానా తేదీలోపు వాడితే బాగుంటుంది" అనేది రుచి, నాణ్యత గురించి, "ఫలానా తేదీ తర్వాత వాడకండి" అనేది ఆరోగ్యం గురించి. మొదటిదాన్ని చూసి భయపడి మంచి సరుకు పారేయొద్దు, రెండోదాన్ని మాత్రం పొదుపు కోసం కూడా దాటొద్దు.

ఇక ఏం తినాలి అన్నది. ఆర్గానిక్ ముద్ర ఎరువులు, పురుగుమందుల గురించి చెబుతుంది, కార్బన్ గురించి కాదు. దిగుబడి సాధారణంగా తక్కువ కాబట్టి అంతే పంటకి ఎక్కువ భూమి కావాలి. తక్కువ కార్బన్ కావాలంటే ముద్ర కన్నా కంచంలో ఏముందన్నదే ముఖ్యం. 2018లో పూర్, నెమెసెక్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 38,700 పొలాల వివరాలతో వేసిన లెక్కలో, 100 గ్రాముల ప్రోటీన్‌కి మాంసం కోసమే పెంచే పశువుల మాంసంతో (బీఫ్) సగటున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన ఉద్గారాలు, కోడిమాంసంతో 6 కిలోలకి కాస్త తక్కువ, బఠాణీలతో అర కిలో కూడా లేదు. మీ ఇంట్లో మాంసం తింటారో లేదో మీరు రాయలేదు. తింటే వారానికి రెండు పూటలు పప్పుధాన్యాలకి మారండి, కార్బన్ సంగతి అలా ఉంచితే చాలామందికి బిల్లు కూడా తగ్గుతుంది. తినకపోతే పెద్ద పని మీకు ముందే అయిపోయింది, కాలర్ ఎగరేయొచ్చు. దూరం నుంచి వచ్చిన సరుకు గురించి కూడా మరీ బెంగ పెట్టుకోకండి, ఆహారం వల్ల వచ్చే ఉద్గారాల్లో రవాణా వాటా 6 శాతం దగ్గరే. విమానంలో వచ్చేవి మాత్రం వేరే కథ, అవి మానేయండి.

సంచుల దగ్గర నేనూ దొంగనే. నా బీరువా కింద అరలో పదమూడు గుడ్డ సంచులున్నాయి, వెళ్లిన ప్రతిసారీ మరిచిపోయి కొత్తది కొన్నాను కాబట్టి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వేసిన లెక్క ప్రకారం ఒక మామూలు నూలు సంచి, వాతావరణం ఒక్కటే చూసుకున్నా, సాధారణ ప్లాస్టిక్ సంచికి సమానం కావాలంటే కనీసం 52 సార్లు వాడాలి. మిగతా ప్రభావాలన్నీ కలిపితే ఆ సంఖ్య వేలల్లోకి పోయింది. ప్లాస్టిక్ కాలవల్లో చేరడం ఆ లెక్కలో లేదు, కాబట్టి ప్లాస్టిక్కే మేలని నేననడం లేదు. ఉన్న రెండు సంచులు చిరిగేదాకా వాడండి అంటున్నాను. గాజు సీసాలకీ ఇదే మాట: వాటి కోసం పాత ప్లాస్టిక్ డబ్బాలు పారేసి ఉంటే రెండు విధాలా నష్టమే.

ఫ్రిజ్ విషయంలో నేను మీ వారి పక్షం, కానీ ఆయన చెప్పిన కారణానికి కాదు. ధరని డబ్బుగా కాకుండా కరెంటు యూనిట్లుగా మార్చి చూడండి. కొత్త ఫ్రిజ్ ధరకి మీ రేటులో 3,000 యూనిట్లు వస్తాయనుకోండి, పాతది ఏడాదికి 450, కొత్తది 250 వాడుతుందనుకోండి. ఏడాదికి మిగిలేది 200 యూనిట్లు, అంటే ధర తిరిగి రావడానికి 15 ఏళ్లు, అదీ వడ్డీ కలపకుండానే. అప్పటికి ఆ ఫ్రిజ్ ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. మీ అసలు అంకెలు పెట్టి చూసి, నాలుగైదేళ్లలో తిరిగి వస్తుందంటే అప్పుడు డబ్బు కూడబెట్టుకుని కొనండి, వాయిదాల మీద వద్దు. ఈలోపు తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే చుట్టూ ఉన్న రబ్బరు పోయినట్టు. దాన్ని మార్పించడం కొత్త ఫ్రిజ్ ముందు చాలా చిన్న ఖర్చు. లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 చాలు, అంతకన్నా చల్లగా పెట్టి కరెంటు కాల్చనవసరం లేదు.

ఇప్పుడు బడ్జెట్. ఆరు నెలల కిందటి సరుకుల ఖర్చు 100 అనుకుంటే ఇప్పుడు 130. రెండు వారాల కాగితం పూర్తయ్యాక ఆర్గానిక్ సరుకుల్లో మీకు నిజంగా ముఖ్యం అనిపించిన రెండు మూడు ఉంచి, మిగతావి మామూలు వాటికి మార్చి 100కి తిరిగి రండి. వృథా తగ్గడం వల్ల అందులోంచి ఇంకో 8 మిగిలిందనుకోండి, 4 అత్యవసర నిధికి, 4 మీకు నచ్చిన పర్యావరణ ఖర్చులకి. ఆ నాలుగుతో ఏం కొన్నా మీ వారు అడగకూడదు, అది దాటి కొనాలంటే మీరూ ముందు ఇంకొంత వృథా తగ్గించి చూపించాలి. అత్యవసర నిధికి ఆగిపోయిన పాత వాటాని మాత్రం ఈ లెక్కతో కలపొద్దు, అది జీతం పడిన మర్నాడే ఖాతాలోంచి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టేయండి, వచ్చే నెల నుంచే.