టెక్ సందేహాలు: బూస్ట్ మీటరు పైపును ఎక్కడ కలపాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మిల్లుల నుంచి బియ్యం తోలే పాత బీఎస్-3 లారీ ఉంది. కొంతకాలంగా లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు, నల్లపొగ వస్తోంది. టర్బో మార్చాలని మెకానిక్ అంటున్నారు. ముందుగా బూస్ట్ మీటరు బిగించి చూడవచ్చా?

జవాబు: తప్పకుండా బిగించండి, అదీ టర్బోకు డబ్బు కట్టకముందే. టర్బో అంటే ఇంజన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం. అది నెడుతున్న గాలి ఒత్తిడి, అంటే బూస్ట్, ఎంతో ఈ మీటరు చూపుతుంది. గాలి చాలక డీజిల్ పూర్తిగా కాలనప్పుడు నల్లపొగ వస్తుంది. అయితే ఊక దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, చీలిన హోస్ పైపు, వదులైన క్లాంపు, పగిలిన ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం), వీటిలో ఏది ఉన్నా గాలి తగ్గుతుంది. క్లాంపు బిగిస్తే పోయే లోపానికి అంత ఖరీదైన టర్బోను మార్చడం నాకు బాధగా అనిపిస్తుంది.

మీటరు పైపును ఇంటర్‌కూలర్ దాటిన తరువాత, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్ సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) దగ్గరే కలపాలి, ఎందుకంటే ఇంజన్‌కు నిజంగా అందే ఒత్తిడి అక్కడే తెలుస్తుంది. టర్బో వేస్ట్‌గేటుకు (ఒత్తిడి హద్దు దాటకుండా చూసే వాల్వుకు) వెళ్లే పైపును మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ లీకైతే వేస్ట్‌గేటు తెరుచుకోక ఒత్తిడి హద్దు దాటుతుంది. మెకానికల్ పంపు ఉన్న చాలా ఇంజన్లలో మానిఫోల్డ్ నుంచి డీజిల్ పంపు మీది డయాఫ్రమ్‌కు (బూస్ట్‌ను బట్టి డీజిల్ మోతాదు మార్చే పొరకు) ఒక సన్నని పైపు వెళ్తుంది. దానికి టీ-జాయింట్ వేయడం సులువే గానీ, ఆ జాయింటు లీకైతే బూస్ట్ లేనట్టుగా పంపు డీజిల్ తగ్గిస్తుంది, అప్పుడు పొగ లేకుండానే లాగుడు పడిపోతుంది. అందువల్ల మానిఫోల్డ్‌పై బిరడా వేసి వదిలిన ఖాళీ రంధ్రం ఉంటే, మీటరు పైపును అక్కడ కలపడమే మేలు.

సున్నా నుంచి 2 బార్ల వరకు, అంటే దాదాపు 30 పీఎస్‌ఐ వరకు చూపే మీటరు సాధారణంగా సరిపోతుంది. లారీలో కరెంటు 24 వోల్టులు కాగా, దుకాణాల్లో దొరికే మీటర్లలో ఎక్కువ 12 వోల్టులవి కాబట్టి, లైటు వైరు కలిపే ముందు చూసుకోండి. పైపు సైలెన్సర్ వేడికి తగలకూడదు. క్యాబిన్ పైకి లేచే రకమైతే కొంత పొడవు వదలండి.

ఐడిల్‌లో (బండి నిలిపి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) ముల్లు సున్నా దగ్గరే ఉంటే కంగారు పడవద్దు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డులో మీకు తెలిసిన ఒక ఎత్తును ఎంచుకుని, నిండు లోడుతో, ఒకే గేరులో, పక్కన కూర్చున్నవారిచేత గరిష్ఠ అంకె రాయించుకోండి. దాన్ని ఇంజన్ సర్వీస్ పుస్తకంలోని అంకెతో పోల్చండి. తక్కువగా ఉంటే మొదట ఫిల్టరు మార్చి, తరువాత ఇంటర్‌కూలర్ పైపుల్లోకి కంప్రెసర్‌తో తక్కువ ఒత్తిడిలో గాలి నింపించి సబ్బునీళ్లు పూయించండి. ఐడిల్‌లో బూస్ట్ ఉండదు కాబట్టి, ఇంజన్ నడిపి సబ్బునీళ్లు పూస్తే లీకు బయటపడదు. ఇవన్నీ సరిగా ఉండి, ముల్లు అప్పటికీ లేవకపోతేనే టర్బోను విప్పించండి.

ప్రశ్న: జడ్చర్ల నుంచి రాస్తున్నాను. మా బీఎస్-6 పికప్‌కు ఓబీడీ ప్లగ్గు (ఇంజన్ సెన్సర్ల అంకెలు చదివే పరికరం) పెట్టి ఫోన్‌లో చూస్తే, ఇంజన్ ఆపి ఉన్నా మానిఫోల్డ్ ప్రెషర్ 95 కిలోపాస్కల్స్ అని వస్తోంది. సెన్సర్ చెడిందా?

జవాబు: సెన్సర్ బాగానే ఉంది. అది మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని కూడా కలిపి చూపుతుంది, జడ్చర్ల ఎత్తులో ఆ ఒత్తిడి సుమారు అంతే ఉంటుంది. లోడులో 220 వస్తే 95 తీసివేయండి, మిగిలిన 125 బూస్ట్, అంటే 1.25 బార్లు. మీ బండికి విడిగా మీటరు కోసం ఎక్కడా రంధ్రం చేయించవలసిన అవసరం లేదు.