గాస్కెట్ పోయిందంటే నమ్మేయాలా?

ప్రశ్న: మా పాత పెట్రోల్ కారు బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. హైవే ఎక్కితే మామూలే. హెడ్ గాస్కెట్ పోయింది, 30 వేలు అవుతుందని మెకానిక్ అన్నారు. చేయించమంటారా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆగండి, అప్పుడే ఒప్పుకోకండి. హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాకుకూ, దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య సీలులా ఉండే పలుచని పొర. హైవే మీద రేడియేటర్‌కు గాలి దానంతటదే తగులుతుంది, ట్రాఫిక్‌లో ఆ పని ఫ్యాన్ చేయాలి, కాబట్టి నా అనుమానం ముందు ఫ్యాన్ మీదే. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి, చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరుగుతుంది. తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఫ్యాన్ మోటారు చూపించండి. గాస్కెట్ పనితో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ.

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం కూడా చూడండి, కానీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి, దయచేసి ఆ పని మాత్రం వద్దు.

గాస్కెట్ నిజంగా పోతే సాధారణంగా ఆనవాళ్లు కనిపిస్తాయి: ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ, ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు మారడం. ఇవేవీ లేకపోయినా గాస్కెటే అంటే, కూలెంట్‌లోకి ఎగ్జాస్ట్ గ్యాస్ వస్తోందేమో టెస్ట్ చేసి చూపించమని గట్టిగా అడగండి. ఈలోగా ముల్లు ఎర్రగీత దగ్గరికొస్తే బండి పక్కకు తీసి ఆపేయండి, అలాగే నడిపితే హెడ్ వంగిపోయే ప్రమాదం ఉంది.