గ్రహణం పట్టిన రోజు మోగే పాట

"ఎనభైల్లో పవర్ బాలడ్స్ అని వచ్చేవి కదా, నెమ్మదిగా మొదలై చివరికి ఇల్లు ఎగిరిపోయేలా అరిచే ప్రేమపాటలు. వాటిలో ఏదైనా ఒక పాట వెనక కథ చెప్తారా?" అని అడిగారు. నాకు పాటలు చాలానే తెలుసుగానీ కథ మొత్తం తెలిసినది ఒక్కటే, బానీ టైలర్ పాడిన 'టోటల్ ఎక్లిప్స్ ఆఫ్ ది హార్ట్', అంటే గుండెకి పట్టిన సంపూర్ణ గ్రహణం. అది వందల మంది ముందు నా పరువు తీసింది. పరువు తీసినవాళ్ల గురించి మనం కాస్త ఎక్కువే ఆరా తీస్తాం కదా.

1995లో నేను ఇంజినీరింగ్ రెండో ఏడు. ఈ పాటని నిక్కీ ఫ్రెంచ్ అనే ఆవిడ డాన్స్ బీట్ పెట్టి పాడిన వెర్షన్ అప్పట్లో ఛానల్ వీలో తెగ తిరిగేది. నేను దాన్నే అసలు పాట అనుకున్నాను. హాస్టల్లో ఒక సీనియర్ విని నవ్వి, తన ట్రంకు పెట్టెలోంచి ఒక క్యాసెట్ తీసి ఇచ్చాడు. అక్షరాలు చెరిగిపోయిన కాపీ క్యాసెట్ అది. టేపు వదులైపోయి ఉంటే పెన్ను దూర్చి బిగించి వేశాను. పియానో మీద నాలుగు స్వరాలు, ఎవరో మగ గొంతు సన్నగా "టర్న్ అరౌండ్" అంది, దాని వెనకే గరుకు కాగితంతో రుద్దినట్టున్న ఆడ గొంతు వచ్చింది. ఆ పాటే కాలేజీ ఫెస్ట్‌లో పాడదామని ఆ రాత్రే డిసైడ్ అయిపోయాం.

మొదటి దెబ్బ కీబోర్డు దగ్గర తగిలింది. పాట బి ఫ్లాట్ మైనర్‌లో మొదలవుతుంది, అంటే వేళ్లు ఎక్కువగా నల్ల మెట్ల మీదే ఉండాలి. సరే అని సర్దుకునేలోపే రెండో వాక్యానికి శ్రుతి మూడు మెట్లు పైకి జరుగుతుంది, తర్వాత మళ్లీ జరుగుతుంది. ఈ లోపల పాడేవాళ్లకి కాలు నిలవదు, పల్లవిలో పడ్డాకే నేల తగులుతుంది. అది మనసు పట్టు తప్పడాన్ని వినిపించే పద్ధతి అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాకు తెలిసింది ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కటే. పాటని కిందికి దించి, మా గాయకుడి గొంతుకి అందేలా చేశాం. అతను లలిత సంగీతం పోటీల్లో ప్రైజులు కొట్టినవాడు, గొంతు మీద ఈగ వాలనివ్వడు. "అరిస్తే గొంతు పోతుందిరా, మెత్తగా పాడదాం" అన్నాడు.

నా వంతుకి వచ్చింది ఆ మగ గొంతు భాగం. రెండే మాటలు, కానీ ఆ రెండు మాటలు ఎన్నిసార్లు వస్తాయో లెక్క లేదు. "ఇటు తిరుగు" అని దాని అర్థం. నేను మొదటిసారి అన్నప్పుడు ఏమీ కాలేదు. మూడోసారికి వెనక వరసల్లో నిలబడ్డ ఫైనలియర్ వాళ్లు కలిసికట్టుగా వెనక్కి తిరిగి మాకు వీపులు చూపించారు. మళ్లీ అన్నాను, మళ్లీ ఇటు తిరిగారు. ఐదోసారికి ఓపెన్ ఎయిర్ థియేటర్ సగం గిర్రున తిరుగుతోంది. ముందు వరసలో కూర్చున్న ప్రిన్సిపాల్ గారు కూడా వెనక ఏమైందోనని ఒకసారి తిరిగి చూశారు. మా గాయకుడు మాత్రం చివరిదాకా మెత్తగానే పాడాడు.

చాలా ఏళ్ల తర్వాత నెట్‌లో చదువుతూ పోతే తెలిసింది, మేం ఏం తప్పు చేశామో. ఆ పాటలో మెత్తదనానికి చోటే లేదు.

బానీ టైలర్ వేల్స్‌లో స్కూవెన్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి బొగ్గుగని కార్మికుడు, ఆవిడ అసలు పేరు గేనర్ హాప్కిన్స్. డెబ్బైల్లో పేరు తెచ్చుకుంటున్న రోజుల్లోనే గొంతులో కాయలు లేచి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు నోరు విప్పొద్దన్నారు డాక్టర్లు. ఒకరోజు విసుగెత్తి ఆవిడ గట్టిగా అరిచేసింది. దాంతో గొంతు శాశ్వతంగా బొంగురుపోయింది. పాడేవాళ్లకి అంతకంటే పీడకల ఉండదు. కానీ ఆ బొంగురు గొంతుతో పాడిన 'ఇట్స్ ఎ హార్ట్‌ఏక్' 1978కల్లా అమెరికాలో కూడా పెద్ద హిట్. ఆ తర్వాత మాత్రం నాలుగేళ్లు పెద్దగా ఏమీ లేదు.

రికార్డు కంపెనీ మారి సీబీఎస్‌లో చేరినప్పుడు, ఎవరితో పని చేస్తావని అడిగితే జిమ్ స్టైన్‌మన్ పేరు చెప్పింది. మీట్ లోఫ్ అనే భారీ గాయకుడికి 1977లో 'బ్యాట్ ఔట్ ఆఫ్ హెల్' ఆల్బమ్ మొత్తం రాసిచ్చినవాడు ఆయన. మీట్ లోఫ్ టీవీలో పాడుతుంటే చూసి ఆవిడకి పిచ్చెక్కింది. సీబీఎస్‌లో ఆవిడ వ్యవహారాలు చూసే మఫ్ విన్‌వుడ్ అయితే, నీకు మతి పోయిందా, ఆయనెందుకు ఒప్పుకుంటాడు అన్నట్టే చూశాడట. చివరికి న్యూయార్క్‌లో స్టైన్‌మన్ ఇంటికి వెళ్తే, ఆయన పియానో ముందు కూర్చుని ఈ పాట వాయించాడు. పక్కన నిలబడి పాడినవాడు రోరీ డాడ్ అనే కెనడా గాయకుడు. రికార్డులో "టర్న్ అరౌండ్" అన్న గొంతు కూడా ఆయనదే. అంటే నా కోలీగ్ అన్నమాట.

స్టైన్‌మన్ ఎలాంటి మనిషో తెలిస్తేగానీ ఈ పాట అర్థం కాదు. ఏ పాట రాసినా ఒక నాటకంలా రాసేవాడు, దాచిపెట్టిన పాత ముక్కల్ని బయటికి తీసి కొత్తవాటికి అతికించేవాడు, అమ్మ పాత పట్టుచీరతో పరికిణీ కుట్టినట్టు. ఇందులో 'టర్న్ అరౌండ్, బ్రైట్ ఐస్' అన్న పిలుపు 1969లో ఆంహర్స్ట్ కాలేజీలో చదువుకుంటూ రాసుకున్న 'ది డ్రీమ్ ఇంజిన్' అనే నాటకంలోది. ఇక పాటకి మొదట అనుకున్న పేరు 'వ్యాంపైర్స్ ఇన్ లవ్' అని ఆయనే 2002లో చెప్పాడు. రక్తపిశాచుల ప్రేమపాట! ఆ సంగతి తెలిశాక వింటే చీకటి గురించిన మాటలన్నీ వేరేగా వినిపిస్తాయి. మన పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రా వాళ్లు ఎప్పుడైనా పాడితే నేను లోలోపల నవ్వుకుంటాను.

రికార్డింగ్ న్యూయార్క్‌లో, పవర్ స్టేషన్ స్టూడియోలో. పియానో రాయ్ బిట్టన్, డ్రమ్స్ మాక్స్ వైన్‌బర్గ్, ఇద్దరూ అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్యాండ్ మనుషులు. గిటార్ రిక్ డెరింజర్. డ్రమ్స్ కొన్నిచోట్ల పిడుగు పడ్డట్టు ఉంటాయి, సైగ ఏమీ లేకుండా. ఆల్బమ్‌లో పాట దాదాపు 7 నిమిషాలు. రేడియో వాళ్ల కోసం నాలుగున్నరకి కోశారు. 'అతి సర్వత్ర వర్జయేత్' అని మనకి చిన్నప్పుడు నేర్పించారు. స్టైన్‌మన్ సరిగ్గా ఆ వర్జించాల్సినదాన్నే వృత్తిగా పెట్టుకున్నాడు. ఆ అతిని మోయాలంటే చిరిగిన గొంతే కావాలి, నునుపైన గొంతుతో పాడితే అది వెక్కిరింపులా ఉంటుంది. మా ఫెస్ట్‌లో జరిగింది అదే.

1983 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో విడుదలైంది, మార్చికల్లా నంబర్ వన్. అమెరికాలో అదే ఏడాది అక్టోబరులో నాలుగు వారాలు మొదటి స్థానం. నాకు బాగా నచ్చే ముచ్చట ఏమిటంటే, ఆ నాలుగింటిలో మూడు వారాలు రెండో స్థానంలో ఎయిర్ సప్లై అనే బ్యాండ్ వాళ్ల 'మేకింగ్ లవ్ ఔట్ ఆఫ్ నథింగ్ ఎట్ ఆల్' ఇరుక్కుపోయింది. అది రాసింది, ప్రొడ్యూస్ చేసింది కూడా స్టైన్‌మనే. ఒకటీ రెండూ ఒకడివే! ఈ రెండు పాటలూ ముందు తనకే రావాల్సినవని, తన రికార్డు కంపెనీ వాళ్లు స్టైన్‌మన్‌కి డబ్బులివ్వనని అనబట్టి చేజారాయని మీట్ లోఫ్ తర్వాత చెప్పుకునేవాడు. నిజమెంతో గానీ, అంత కడుపుమంట మాత్రం సహజమే.

వీడియో చూడాలనుకుంటే ముందే చెప్తున్నా, అర్థం వెతక్కండి. ఇంగ్లాండ్‌లో మూతపడ్డ ఒక పాత మానసిక వైద్యశాలలో తీశారు, రసెల్ మల్కేహి డైరెక్టర్. కళ్లు బల్బుల్లా వెలిగే కుర్రాళ్లు, ఎగిరే పరదాలు, ఎందుకో తెలియని పావురాలు. పిశాచాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. 1997లో వియన్నాలో స్టైన్‌మన్ సంగీతంతో వచ్చిన 'టాంజ్ డేర్ వాంపిరే' అనే మ్యూజికల్‌లో ఇదే బాణీ జర్మన్ మాటలతో పిశాచి, పిల్ల పాడుకునే యుగళగీతం అయింది. టైలర్ ఫ్రెంచ్, ఇంగ్లీష్ కలగలిపిన యుగళగీతంగా కరీన్ ఆంటన్ అనే గాయనితో కలిసి పాడితే 2004లో ఫ్రాన్స్‌లో మళ్లీ నంబర్ వన్.

ఇక గ్రహణం సంగతి. 1980 ఫిబ్రవరి 16న మన దగ్గర సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి సైంటిస్టులు వచ్చి చూశారు. మా ఊరు కూడా ఆ దారిలోనే ఉంది, నాకు నాలుగేళ్లు. నాకు గుర్తున్నదల్లా కిటికీ సందుల్లో కుక్కిన పాత న్యూస్‌పేపర్లు, ఆవకాయ జాడీ మీద పెట్టిన దర్భలు, "కదలకు" అన్న నాన్నమ్మ గొంతు. నెత్తి మీద జరుగుతున్న అద్భుతాన్ని తలుపులు బిగించుకుని పోగొట్టుకున్నాం.

అందుకే 2017 ఆగస్టు 21న వదల్లేదు. చికాగో నుంచి ముగ్గురం రాత్రంతా డ్రైవ్ చేసుకుని కెంటకీలో హాప్కిన్స్‌విల్‌కి వెళ్లాం. అక్కడ చీకటి 2 నిమిషాల 40 సెకన్లు. పొద్దున్నుంచి ఏ రేడియో పెట్టినా ఇదే పాట. ఆ రోజు ఐట్యూన్స్‌లో 34 ఏళ్ల నాటి పాట నంబర్ వన్. 66 ఏళ్ల టైలర్ అట్లాంటిక్‌లో ఓడ మీద నిలబడి డీఎన్‌సీఈ బ్యాండ్‌తో కలిసి పాడింది. మేం పార్క్ చేసిన పొలంలో కూడా ఎవరో కారు తలుపులన్నీ తీసి ఏడు నిమిషాల వెర్షన్ పెట్టారు.

ఒంటిగంటా ఇరవై నాలుగుకి స్విచ్ తీసేసినట్టు వెలుగు పోయింది. కళ్లద్దాలు తీసి పైకే చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డాను. పక్క కారు దగ్గరున్న ఒక పెద్దావిడ నా భుజం తట్టి, "టర్న్ అరౌండ్" అంది.

తిరిగాను. చుట్టూ, నాలుగు దిక్కులా, అంచుల్లో సూర్యాస్తమయం రంగు. పడమరా తూర్పూ అని లేదు. కారులో రోరీ డాడ్ కూడా అదే మాట అంటున్నాడో లేదో, నాకు గుర్తులేదు.

వెలుగు వచ్చిన రెండు నిమిషాలకి ఫోన్ మోగింది. ఇండియాలో ఇంచుమించు అర్ధరాత్రి, అక్కడ గ్రహణం లేదు కూడా. అయినా అమ్మ మేలుకునే ఉంది. "విడిచిందా? ఏమీ ముట్టుకోకు, ముందు తలస్నానం చెయ్యి" అంది. మొక్కజొన్న చేల మధ్యలో ఉన్నానమ్మా అన్నాను. "అయితే కనీసం కాళ్లయినా కడుక్కో" అంది.