ఇండీ 500 పిచ్చి ఉన్న అబ్బాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మావాడు ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. ఎప్పుడూ అమెరికాలో జరిగే ఇండియానాపోలిస్ 500 కార్ల రేసు వీడియోలే. ఫోన్ లాక్కున్నా మారలేదు. చదవమంటే, నాలుగుసార్లు గెలిచిన ఫోయిట్ స్కూలు మానేశాడని, అల్ అన్సర్ 47 ఏళ్లకు గెలిచాడని వాదిస్తాడు. పక్కింటి అబ్బాయికేమో మంచి ప్యాకేజీ వచ్చింది. సీఎస్‌ఈలో చేర్చాలా, మోటార్‌స్పోర్ట్ (కార్ల రేసుల) ఇంజినీరింగ్‌లోనా? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: బ్రాంచి సంగతి తర్వాత. పిల్లవాడు చేజారిపోతున్నాడేమోనని మీరు బెంగపడుతున్నారు. ఆ బెంగ అక్కర్లేదండీ. ఒక విషయంలో ఇంత లోతుకు వెళ్లగలిగిన కుర్రాడు చదువులోనూ నిలబడతాడు.

అతను చెప్పినవి నిజాలే, కాకపోతే సగం. ఫోయిట్ స్కూలు మానేసి మెకానిక్ అయ్యాడు. హ్యూస్టన్‌లో తండ్రి గ్యారేజీలో పెరిగినవాడు. 1961, 64, 67, 77 విజయాల వెనక ఆ చేతిపని ఉంది. 1987లో అన్సర్‌కు మొదట కారే లేదు. డానీ ఓంగాయిస్ అనే డ్రైవర్ గాయపడితే, అతని బదులు పిలిచారు. హోటల్లో ప్రదర్శనకు పెట్టిన మార్చ్ కంపెనీ పాత రేసు కారును తెచ్చి సిద్ధం చేస్తే, 20వ స్థానంలో మొదలెట్టి గెలిచాడు. అంతకుముందే 1970, 71, 78లలో గెలిచిన మనిషి కాబట్టి ఆ పిలుపు వచ్చింది. నాలుగేసిసార్లు గెలిచినవాళ్లలో మిగతా ఇద్దరు రిక్ మియర్స్, హీలియో కాస్ట్రోనెవెస్. మియర్స్ 1984లో రెండో విజయం తర్వాత పాదాలు నుజ్జయ్యాక కూడా 1988, 91లలో గెలిచాడు.

అక్కడ రెండున్నర మైళ్ల ట్రాక్ మీద 200 ల్యాపులు, మలుపులన్నీ ఎడమకే. ఇంధనం తగ్గేకొద్దీ, టైర్లు అరిగేకొద్దీ కారు నడత మారుతుంది. మలుపులో జారుతున్నది ముందు చక్రాలా వెనకవా అని పసిగట్టి ఇంజినీరుకు చెప్పగలగాలి. మీవాడి ఫిజిక్స్‌లోని ఘర్షణ పాఠమే ఇది. అలా కలిపి చూపిస్తే చదవడూ?

మోటార్‌స్పోర్ట్ పేరుతో ఉన్న బీటెక్ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. రేసు జట్లు కొన్నే, అవీ ఎక్కువగా ఇంగ్లండ్‌లో, ఇండియానాపోలిస్ చుట్టుపక్కల. వీసా స్పాన్సర్ చేసేవి మరీ తక్కువ. అక్కడ ఉద్యోగం రాకపోతే ఆ పేరు ఇక్కడి కంపెనీలకు ఇరుకుగా కనిపిస్తుంది. మెకానికల్ చదివి, రెండేళ్లు పనిచేసి, అప్పటికీ ఆశ ఉంటే ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీ లాంటిచోట ఎంఎస్సీకి వెళ్లొచ్చు. ఇప్పుడే లక్షల అప్పు వద్దు. డ్రైవరే కావాలంటే యూరప్‌లో కింది స్థాయి ఫార్ములా రేసుల్లోనే సీజన్ ఖర్చు కోట్లలో ఉంటుంది.

ఒక్కమాట, కోపగించుకోకండి. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ గురించి రాశారు. మీవాడు ఎప్పుడైనా స్పానర్ పట్టాడా అన్నది రాయలేదు. ఫోన్ లాక్కునే బదులు అది కనుక్కోవాల్సింది.

సీఎస్‌ఈ తీసుకున్నా దారి మూసుకుపోదు, జట్లకు డేటా చూసేవాళ్లూ కావాలి. మొదట్లో జీతం కూడా అందులోనే ఎక్కువ. ఏ బ్రాంచి అయినా, ఫార్ములా స్టూడెంట్ (విద్యార్థులే చిన్న రేసు కారు తయారుచేసి పోటీపడే పోటీ) కారు కట్టే జట్టున్న కాలేజీ చూడండి. బ్రోషర్ నమ్మకుండా సీనియర్లను అడగండి: గత రెండేళ్లలో కారు టెక్నికల్ తనిఖీ దాటిందా? కారును పక్కకు 60 డిగ్రీలు వంచినప్పుడు ఇంధనం కారిందా? బ్రేక్ పరీక్షలో నాలుగు చక్రాలూ లాక్ అయ్యాయా? సుమారు 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ (ఓర్పు పరీక్ష లాంటి పరుగు) పూర్తిచేసిందా? చాలా కార్లు అక్కడే ఆగిపోతాయి, చైన్ తెగో, వదులైన వైరు ఊడో. ఎందుకు ఆగిందో వివరంగా చెప్పగలిగిన జట్టున్న కాలేజీని జాబితాలో పైన రాసుకోండి. అడగడానికి వెళ్లేటప్పుడు మీవాణ్ని వెంట తీసుకెళ్లండి, ప్రశ్నలు అతన్నే వేయనివ్వండి.