ఇంట్లో తెలుగు మానొద్దు, అడగడం నేర్పండి

ప్రశ్న: మాది మదనపల్లె. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి కె.ఆర్. పురం దగ్గర ఉంటున్నాం. బాబుకు మూడున్నరేళ్ళు. పేరు పెట్టి పిలిస్తే తిరగడు, మాటలు లేవు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. రెండు నెలల కిందట ఆటిజం అన్నారు. థెరపీ సెంటరువాళ్ళు వారానికి ఐదు రోజులు రమ్మంటున్నారు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమంటున్నారు. మా అత్తగారేమో "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళ దాకా మాటలు రాలేదు, ఊరికే బెంగపడొద్దు" అంటారు. మావారు ఔననరు, కాదనరు, సెంటరుకు రారు. అన్నం పెట్టేటప్పుడు ఫోన్ చేతికివ్వడం వల్లే ఇలా అయ్యాడేమోనని లోలోపల కుమిలిపోతున్నాను. ఉద్యోగం మానేయాలా? – ఓ తల్లి, బెంగళూరు

జవాబు: ముందు మిమ్మల్ని తినేస్తున్న మాట తేల్చుకుందాం అమ్మా. ఫోన్ వల్ల ఆటిజం రాదు. మెదడు రూపుదిద్దుకునే తీరులోనే ఉన్న తేడా ఇది, అందులో జన్యువుల పాత్ర పెద్దది. టీకాల వల్ల రాదు, మీరు ఉద్యోగానికి వెళ్ళడం వల్లా రాదు. 'వర్చువల్ ఆటిజం' అన్న మాట వీడియోల్లో తిరుగుతోంది గానీ అది వైద్యులు గుర్తించిన జబ్బు కాదు. ఫోన్ చేసే నష్టం వేరు: బాబు మీ ముఖం చూడాల్సిన, మీతో ఆడాల్సిన గంటల్ని అది తీసేసుకుంటుంది. అందుకే తగ్గించాలి. ఎలాగో కింద చెప్తాను.

ఇక ఇంగ్లీషు సంగతి. ఆ సలహా పాటించకండి. రెండు భాషల మధ్య పెరిగే ఆటిజం పిల్లలకు ఆ కారణంగా మాట మరింత ఆలస్యం కాదని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. నష్టం వేరే దారిన వస్తుంది. మీరు అలవాటు లేని భాషలోకి మారగానే మాట్లాడేదే తగ్గిపోతుంది. జోలపాట పోతుంది, బుజ్జగింపు పోతుంది, 'కమ్', 'సిట్', 'నో' లాంటి ఆజ్ఞలు మాత్రం మిగులుతాయి. ఇంగ్లీషు రాని అవ్వ, అంటే మీ అత్తగారు, బాబుతో మాట్లాడటమే మానేస్తుంది. రోజులో ఎక్కువసేపు అతనితో ఉండే మనిషి నోరు మూయించి మాటలు నేర్పుదామంటే ఎలా? కన్నడం అపార్ట్‌మెంటు పిల్లల దగ్గర, ఇంగ్లీషు బడిలో వినిపిస్తాయి, వినిపించనివ్వండి. ఇంట్లో మాత్రం తెలుగే. థెరపిస్టుకు తెలుగు రాకపోతే, బాబుకు రోజూ అవసరమయ్యే ఇరవై మాటలు (పాలు, నీళ్ళు, అమ్మ, తలుపు, ఎత్తుకో, చాలు...) ఆమెకు చదవగలిగే లిపిలో రాసివ్వండి. నేర్పే పద్ధతి ఆమెది, మాటలు మీవి.

ఒక జాగ్రత్త. ఒకే వస్తువుకు అవ్వ 'మంచినీళ్ళు', మీరు 'నీళ్ళు', నాన్న 'వాటర్' అంటుంటే మొదట్లో పట్టుకోవడం కష్టం. ఇంట్లో అందరూ కూర్చుని ఆ ఇరవైకీ ఒక్కో మాట ఖాయం చేసుకోండి. నేర్పేటప్పుడు 'నీళ్ళు, వాటర్, నీరు' అని తెలుగు, ఇంగ్లీషు, కన్నడం మూడూ ఒకేసారి వల్లించొద్దు.

దీనికన్నా ముందు ఒకటి అడగాలి: వినికిడి పరీక్ష అయిందా? పిలిస్తే తిరగని పిల్లవాడికి బేరా (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో కొలిచే పరీక్ష) చేయించకుండా థెరపీ మొదలుపెట్టకూడదు. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడతాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకోవద్దు, కొన్ని స్థాయిల శబ్దాలే వినపడని పిల్లలుంటారు. లింగరాజపురంలోని డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ వాక్ శ్రవణ సంస్థలో గానీ, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో గానీ చేయించవచ్చు. నిర్ధారణ మీద ఇంకా అనుమానం ఉంటే నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. మీ అత్తగారి మాట కూడా అక్కడే తేలుతుంది. మాట ఒక్కటే ఆలస్యమైన పిల్లవాడు వేలు చూపిస్తాడు, పిలిస్తే చూస్తాడు, దొరికిన బొమ్మను తెచ్చి మీకు చూపించి మురిసిపోతాడు. మీ బాబులో ఇవీ లేవు కాబట్టే నాలుగేళ్ళ దాకా ఆగకూడదు. ఆమెతో వాదించకండి, ఒకసారి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళండి.

చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడన్నారు. అడగాలన్న కోరిక అతనిలో ఉందన్నమాట. పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఇష్టమైన బిస్కెట్లు, పల్లీ చిక్కీ, బుడగల సీసా లాంటివి పైకి కనిపించే గట్టి మూత డబ్బాల్లో పెట్టి, అతను చూడగలిగి అందుకోలేని ఎత్తులో ఉంచండి. లాక్కెళ్ళినప్పుడు డబ్బాకు ఒక అడుగు ముందే ఆగండి. మోకాళ్ళ మీద కూర్చుని అతని కళ్ళ ఎత్తుకు దిగండి. వస్తువు మీ ముఖం దగ్గర పట్టుకుని మనసులో ఐదు లెక్కపెట్టండి. చూపు కలిపినా, చెయ్యి చాపినా, ఏదో శబ్దం చేసినా చాలు, 'బిస్కెట్' అని ఒక్క మాట అని వెంటనే ఇచ్చేయండి. చిన్న ముక్కే ఇవ్వండి, మళ్ళీ అడుగుతాడు. ఒక బిస్కెట్టులో ఆరు అవకాశాలు దొరుకుతాయి. చెయ్యి చాపడం అలవాటయ్యాక ఆ చేతిలో చూపుడువేలు మాత్రం నిలిపి చూపించడం నేర్పండి.

చాలా ఇళ్ళలో ఇది చెడేది ఒక్క చోటే. 'చెప్పు, చెప్తేనే ఇస్తా' అని పట్టుబడతారు. మాట రాదు, ఏడుపు వస్తుంది, ఏడ్చాక చూడలేక ఇస్తారు. అడగాలంటే ఏడవాలని అతను నేర్చుకుంటాడు. పది సెకన్లు దాటితే మీరే మాట చెప్పి ఇచ్చేయండి. ఇంకో పొరపాటు, అన్నిటికీ 'కావాలి' అనే మాటే నేర్పడం. ఏం కావాలో తెలియక మీరూ అతనూ విసుగెత్తిపోతారు. వస్తువు పేరే ముందు నేర్పండి. 'నీకు బిస్కెట్ కావాలా?' అని పదేపదే అడక్కండి. మాటలు వచ్చే దశలో ఈ పిల్లల్లో చాలామంది విన్నది విన్నట్టు తిరిగి చెప్తారు, అప్పుడు అడగడానికి కూడా అదే ప్రశ్న వాడతారు. అతను అనాల్సిన రూపంలోనే 'బిస్కెట్ కావాలి' అని మీరు అనండి. ఇప్పుడు మాటల్లేవు కాబట్టి ఒకటి రెండు మాటల వాక్యాలు చాలు. ఒక మాట అనడం మొదలయ్యాక రెండు మాటలకు వెళ్ళండి.

దీంతో పాటే బొమ్మ కార్డులు పెట్టండి. కార్డులకు అలవాటు పడితే మాట రాదన్న భయం అక్కర్లేదు, అవి మాటకు అడ్డు కావు, చాలామంది పిల్లల్లో సాయపడతాయి. మీ ఇంట్లోని గ్లాసు, మీ ఇంట్లోని డబ్బా ఫోటో తీసి రెండంగుళాల చదరంగా ప్రింటు వేయించి లామినేట్ చేయించండి. మొదట ఒక్క కార్డే. ఇద్దరు కావాలి: ఎదురుగా మీరు వస్తువు పట్టుకుని కూర్చోండి, వెనక అవ్వ కూర్చుని, అతను వస్తువు కోసం చెయ్యి చాపగానే ఆ చేత్తో కార్డు తీయించి మీ చేతిలో పెట్టిస్తుంది. వెనకున్నవాళ్ళు నోరు విప్పకూడదు. విప్పితే అతను మీకు కార్డు ఇవ్వడం నేర్చుకోడు, వెనక నుంచి హుకుం వచ్చే దాకా ఆగడం నేర్చుకుంటాడు. సాయం రోజురోజుకూ తగ్గించండి.

ఇవన్నీ గంటల తరబడి కూర్చోబెట్టి చేసేవి కావు. స్నానం, టిఫిను, బట్టలు వేయడం, లిఫ్టు బటను నొక్కడం, ఎలాగూ జరిగే ఇలాంటి పనుల్లో రోజుకు పాతిక ముప్పై సార్లు సందు దొరుకుతుంది. సెంటరులో ముప్పావు గంటకు విలువ అందువల్లే: అక్కడ చూసింది ఇంట్లో చేయగలిగితే అది పదింతలవుతుంది. కాబట్టి మిమ్మల్ని లోపలికి రానివ్వని సెంటరు, ఆరు నెలల్లో నయం చేస్తామనే సెంటరు, వంద సెషన్లకు ముందే డబ్బు కట్టమనే సెంటరు వద్దు. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి (ఆర్.సి.ఐ.) నమోదు నంబరు అడగండి, సంకోచించాల్సిన పనిలేదు. లక్ష్యాలు కాగితం మీద రాసివ్వమనండి. 'మాట మెరుగుపడాలి' అన్నది లక్ష్యం కాదు. 'నెలరోజుల్లో, రోజుకు ఐదుసార్లు, ఇంట్లో ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర, వేలు చూపించి అడగాలి' అన్నది లక్ష్యం. వారానికి మూడు రోజులైనా ఇలా రాసుకుని చేసేది, ఐదు రోజులు బయట కుర్చీలో ఎదురుచూసే థెరపీ కన్నా మేలు.

స్టెమ్ సెల్ చికిత్స ఎవరు చెప్పినా వెళ్ళకండి. ఆటిజానికి దాన్ని సిఫార్సు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఒంట్లో లోహాలు తీసేస్తామనే కీలేషన్ ప్రాణాల మీదికి తెస్తుంది. గోధుమలు, పాలు మాన్పిస్తే ఆటిజం తగ్గుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. అసలే నాలుగు రకాలే తినే పిల్లవాడికి అందులో రెండు తీసేయడం అన్యాయం.

ఫోన్ ఒక్కసారిగా లాక్కోవద్దు. రోజులో హడావుడి లేని ఒక పూట ఎంచుకోండి, సాయంత్రం టిఫిను అనుకుందాం. ఆ పూట ఇంట్లో ఎవరి ఫోనూ కనబడకూడదు. పది నిమిషాలే, అతనికి బాగా ఇష్టమైన తిండే, నాలుగైదు ముద్దలే. లేచిపోతే ప్లేటు తీసేయండి, వెంటబడకండి, తర్వాతి పూట మామూలు వేళకే పెట్టండి. మూడు నాలుగు రోజులు ఏడుపు ఇప్పటికన్నా పెరుగుతుంది. మూడో రోజు కరిగి ఫోన్ ఇస్తే, అంతసేపు ఏడిస్తే దొరుకుతుందని తెలుసుకుంటాడు, తర్వాత ఇంకా కష్టం. ఆ పూట కుదిరాకే రెండో పూట సంగతి. బరువు తగ్గుతున్నా, నీళ్ళు కూడా మానేసినా ఆపి డాక్టరుకు చూపించండి.

మీరు రాయలేదు గానీ భద్రత సంగతి ఈరోజే చూడండి. ఇలాంటి పిల్లల్లో ఎంతోమంది చటుక్కున బయటికి పరిగెత్తిపోతారు, నీళ్ళంటే చాలామందికి ఆకర్షణ. మెయిన్ డోరుకు పైన, అందనంత ఎత్తులో గడియ పెట్టించండి. బాల్కనీకి గ్రిల్ ఉండాలి. సంపు మూత, ఈతకొలను గేటు గురించి వాచ్‌మన్‌తో, అసోసియేషన్‌తో మాట్లాడండి, బాబు ఫోటో సెక్యూరిటీ గదిలో ఉంచండి. చొక్కా లోపల మీ ఫోన్ నంబరు కుట్టించండి.

కాగితాల పని కూడా మొదలుపెట్టండి, ఆలస్యం అవుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. స్వావలంబన్ పోర్టల్‌లో యు.డి.ఐ.డి. కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేస్తారు. మీ ఆధార్ ఇంకా మదనపల్లె చిరునామాతో ఉంటే ఏ ఆసుపత్రిలో పరీక్ష చేయిస్తారో ముందే తేల్చుకోండి. ఆటిజం తీవ్రతను అంచనా వేసే ఇసా స్కేలులో 40 అంశాలుంటాయి: 70 నుంచి 106 వస్తే స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆ పైన తీవ్రం. ఆ రోజు బాబు మంచిగా ఉన్నాడని లక్షణాలు దాచకండి, ఇంట్లో ఉండే తీరే చెప్పండి. చిన్న వయసులో ఇచ్చేది సాధారణంగా తాత్కాలిక పత్రమే, మళ్ళీ చూపించాలి. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చుకూ కొంత వస్తుంది.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. ఇది ఆరు నెలల పని కాదు, ఏళ్ళ పని, డబ్బూ కావాలి, మీకు ఇల్లు దాటి ఊపిరి తీసుకునే చోటూ కావాలి. కుదిరితే కొన్నాళ్ళు సగం పూట పని గానీ ఇంటి నుంచి పని గానీ అడగండి. మీకు వరుసగా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా బాబు డాక్టరుతో పాటు మీ కోసం కూడా ఒక డాక్టరును చూడండి.

మీవారి మౌనాన్ని పట్టనితనంగా లెక్కకట్టకండి. నాలుగేళ్ళ దాకా మాట రాని పిల్లవాడిగా తన పేరే ఇంట్లో వినిపిస్తుంటే ఆయనకూ లోపల ఏదో నలుగుతూ ఉండొచ్చు. 'మీరూ పట్టించుకోండి' అనే బదులు ఒక పని పూర్తిగా అప్పగించండి: రాత్రి స్నానం, పడుకోబెట్టడం. వచ్చే సెషనుకు మీరు వెళ్ళకండి, ఆయన్నొక్కడినే పంపండి. వెళ్ళేముందు ఒకే మాట చెప్పండి, స్నానంలో వాడుకునేలా ఒక్క పద్ధతి చూసి రమ్మని. ఆ రాత్రి బకెట్టు దగ్గర ఆయన చేస్తుంటే పక్కన నిలబడి సరిదిద్దకండి.