మంత్రం పేరు ముందే చెప్పేయకండి

ప్రశ్న: ఆదివారాలు ఐదుగురం కూడి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు ధరించి, పాచికలతో కథ నడిపే ఆట) ఆడుతున్నాం, 2014 రూల్సే. నేను డీఎంని, అంటే కథ నడిపి శత్రువులను ఆడించేవాణ్ని. మా విజార్డ్ (మాంత్రికుడి పాత్ర ఆడేవాడు) ప్రతిదానికీ కౌంటర్‌స్పెల్ (ఎదుటివాడి మంత్రాన్ని రద్దుచేసే మంత్రం) కొట్టేస్తున్నాడు. శత్రువు ఒక్క మంత్రమూ వెయ్యలేకపోతున్నాడు. నిషేధించేద్దామా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: నిషేధం వద్దండి. తప్పు కౌంటర్‌స్పెల్‌ది కాదు, మీరు ప్రకటించే తీరుది. 'ఫైర్‌బాల్ వేస్తున్నాడు' అని మీరే అనేస్తే విజార్డ్‌కి ఇంక ఆలోచించడానికి ఏముంది?

మంత్రం పేరు, లెవెల్ చీటీ మీద రాసి బోర్లా పెట్టండి. 'ఏదో మంత్రం వేస్తున్నాడు' అని మాత్రం అని, మూడు లెక్కపెట్టండి. ఆలోగా 'కౌంటర్' అన్నవాడు ఏ లెవెల్ స్లాట్ (మంత్రం వేస్తే ఖర్చయ్యే కోటా) వాడుతున్నాడో కూడా చెప్పాలి. చీటీ తిప్పేది ఆ తర్వాతే. కాంట్రిప్‌కి (స్లాట్ అక్కర్లేని చిన్న మంత్రానికి) మూడో లెవెల్ స్లాట్ తగలేశాడనుకోండి, మరుసటిసారి తనే ఆచితూచి వేస్తాడు. ఆటగాళ్లూ చీటీలు రాయాల్సిందే, లేకపోతే మీ శత్రువు సర్వజ్ఞుడైపోతాడు. ఫ్యాన్ కింద ఆడితే చీటీ మీద ఓ పాచిక పెట్టండి. చీటీ ఎగిరి తిరగబడితే వచ్చే తగవు రూల్స్ తగవుకన్నా పెద్దది.

మంత్రాన్ని గుర్తుపట్టడానికి ఐచ్ఛిక రూల్ ఒకటుంది: ఆర్కానా చెక్ (మంత్రవిద్య నైపుణ్యం కలిపి వేసే 20 ముఖాల పాచిక), డీసీ (చేరాల్సిన అంకె) 15 ప్లస్ మంత్రం లెవెల్. చిక్కేమిటంటే దానికే రియాక్షన్ (వెంటనే చేసే ప్రతిచర్య, రౌండ్‌కి ఒక్కటే) అయిపోతుంది, కౌంటర్‌కి మిగలదు. అందుకని రెండూ ఒకే రియాక్షన్‌లో కలిపేయండి. గుర్తుపట్టినా పట్టకపోయినా రియాక్షన్ ఖర్చే. స్లాట్ మాత్రం కౌంటర్ వేస్తేనే. ఆర్కానా +7 ఉన్నవాడు మూడో లెవెల్ మంత్రమైన ఫైర్‌బాల్‌ని గుర్తుపట్టాలంటే 18 కావాలి, అంటే పాచిక మీద 11. సగం సగం ఛాన్సు, సరిపోతుంది.

దూరం కూడా కొలవండి. 60 అడుగులంటే మ్యాప్ మీద 12 గళ్లు, పైగా కళ్లకు కనబడాలి. శత్రువుని 13వ గడిలోనో పొగమంచులోనో నిలబెట్టడం మోసమేం కాదు.

ఇంతకీ కౌంటర్‌స్పెల్‌కి 2024 రూల్ మేలు. కౌంటర్ వేసేవాడికి చెక్ ఉండదు, అసలు మంత్రం వేసేవాడే కాన్‌స్టిట్యూషన్ సేవ్ (దేహదారుఢ్యం కలిపి, తట్టుకోవడానికి వేసే పాచిక) వేస్తాడు. ఓడితే యాక్షన్ పోతుంది కానీ స్లాట్ మిగులుతుంది. సేవ్ +10 ఉన్న పెద్ద శత్రువుకి డీసీ 15 అయితే, పాచిక మీద 5 పడితే చాలు. కౌంటర్ అయిన ఆటగాడికీ అంత కడుపుమంట ఉండదు. ఇదొక్కటి తెచ్చుకుని, మిగతాదంతా 2014లోనే ఉంచుకోవచ్చు.

ప్రశ్న: కౌంటర్‌కి కౌంటర్, దానికి మళ్లీ కౌంటర్... ఎక్కడ ఆపాలి?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: 2014 ప్రకారం ఎవరి రియాక్షన్ మిగిలి ఉంటే వాళ్లు వేసుకోవచ్చు. 2024లో ఒక టర్న్‌లో ఒకరికి ఒకే స్లాట్. తన టర్న్‌లో స్లాట్ పెట్టి మంత్రం వేసినవాడు దాన్ని కాపాడుకోవడానికి ఇంకో స్లాట్ తియ్యలేడు, పక్కవాడు వెయ్యాలి. ఒక మంత్రం మీద రెండు కౌంటర్‌లే అని ముందే రాసుకోండి. పరిష్కరించేటప్పుడు చివర వేసినదాని నుంచి వెనక్కి రండి.